జానెడు దూరంలో

సూది వేసిన చోట పెదవి మెల్లగా నాది కాకుండా పోతోంది. మొదట చీమలు పాకినట్టనిపించింది, తరవాత తడి దూది కుక్కినట్టు, ఇప్పుడైతే ఎవరిదో పెదవి తెచ్చి నా ముఖానికి అతికించినట్టుంది. కళ్లకు నల్లద్దాలు పెట్టారు. నాకూ, డాక్టరమ్మకూ, పక్కన నిలబడి ఉమ్మి లాగే గొట్టం పట్టుకున్న అర్చన అనే అమ్మాయికీ అవే అద్దాలు. ముగ్గురం కలిసి వెల్డింగ్ షాపులో పనికి దిగినట్టున్నాం అనుకుని నవ్వబోయాను, పెదవి కదల్లేదు. మా ఆయన యేసన్న ఇలాంటివే పెట్టుకుని పొద్దంతా ఇనుప గేట్లు అతుకుతాడు. మంట వైపు చూడొద్దు కృపా, కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతాయి అని పెళ్లయిన కొత్తలో చెప్పాడు. అప్పుడు నేను మంట వైపు ఎక్కడ చూశాను, ఆయన వైపే చూసేదాన్ని. రవ్వలు చేతుల మీద పడుతున్నా కదలకుండా కూర్చునే మనిషి. ఇప్పుడు నేనూ అట్లా కదలకుండా పడుకోవాలి, గంటసేపు.

"నొప్పి అనిపిస్తే ఎడమ చేయి ఎత్తండమ్మా, వెంటనే ఆపేస్తా. మాట్లాడాలని మాత్రం చూడొద్దు" అంది డాక్టర్ చాందిని. ముప్పై దాటి ఉండదు. ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. మాస్కు ఉంది, అద్దాలున్నాయి, నిజమే. కానీ ఆ ముఖం వెనక్కి జరగలేదు. నా నోరు బార్లా తెరిచి ఉంది, ఇంత దగ్గర ఒక మనిషి ఉంది, ఆ మనిషి జరగలేదు. మొదటిసారి వచ్చిన రోజు కూడా ఇంతే. ఆ రోజు నేను ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను, నా ఊపిరి ఆమెకు తగలకూడదని. ముఖం కందిపోతుంటే చూసి, "ఊపిరి తీసుకోండమ్మా, నాకేం కాదు, ఇదే నా పని" అంది. నాకేం కాదు. ఆ మాటను నోట్లో కలకండ ముక్కలా ఎన్ని రోజులు ఉంచుకున్నానో.

ఎందుకంటే జరగడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పందొమ్మిదేళ్లుగా ఆర్టీసీలో కండక్టర్ని. కిక్కిరిసిన బస్సులో మనుషులు ఎట్లా జరుగుతారో, ఎందుకు జరుగుతారో, కాలు పెట్టుకోను చోటులేని చోట కూడా ఒక మనిషి రెండంగుళాలు ఎట్లా వెనక్కి వంగుతాడో నాకంటే తెలిసినవాళ్లుండరు. "యాడికి?" అని అడిగితే జవాబు చెప్పే ముందు ముఖం కిటికీ వైపు తిప్పుకునేవాళ్లు. గాలి కోసం అనుకునేదాన్ని. ఈ ఎండల్లో గాలి కోసమే కదా తిప్పుకుంటారు. కరోనా వచ్చినప్పుడు అందరూ మాస్కు తగిలించుకుంటే నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. లోకమంతా నోళ్లు మూసుకుంది, నా నోరు ఒక్కటే ప్రత్యేకం కాదు. కరోనా పోయింది, డిపోలో అందరూ మాస్కులు తీసేశారు, నేను తీయలేదు. కృపక్క ఇంకా కరోనాతో కొట్లాడుతాంది అని నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయి తీస్తే లోపలి గుడ్డ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. యేసన్న చూడకముందే సబ్బు రుద్ది ఆరేసేదాన్ని. పొద్దున పళ్లు తోముకుంటే నీళ్లు గులాబీరంగులో పోయేవి. ఉప్పు రుద్దాను, లవంగనూనె రాశాను, మందుల షాపులో అడిగి ఏదో పూత తెచ్చుకున్నాను. రక్తం వస్తోందని తోమడం తగ్గించాను. తోమడం తగ్గించినందుకే ఎక్కువ వస్తుందని తెలియదు. మాస్కు లోపల నా వాసన నాకే తగిలేది. అది గుడ్డ వాసన అనుకున్నాను, డీజిలు వాసన, మంది చెమట వాసన. మనిషి తనకు తాను ఎన్ని అబద్ధాలు చెప్పుకోగలదో నా మాస్కుకు తెలుసు.

అమ్మకూ అంతే. గుమ్మఘట్టలో మా అమ్మ కూలికి పోయేది, వేరుశనగ బుడ్డల చేలో కలుపు తీసేది. నలభై ఐదేళ్లకే ఒక్కొక్క పన్నూ ఊడింది. ఊడిన పన్నును చేతిలో పెట్టుకుని చూసేది, తరవాత ఇంటి కప్పు మీదికి విసిరేది, చిన్నపిల్లల పన్నులాగా. ఎవరైనా అయ్యో అంటే, "ఈ కరువులో నమిలేదానికి ఏముండాదమ్మా? సంగటికి పండ్లెందుకు?" అని నవ్వేది. నవ్వుతూ కొంగు అడ్డం పెట్టుకునేది. ఆదివారం చర్చిలో అమ్మ గొంతు అందరికంటే పైన వినిపించేది, సగం తెలుగు, సగం కన్నడం కలిపి పాడేది. పళ్లు పోయాక మాటలు తప్పిపోతున్నాయని పాడటం మానేసింది. పెదవులు మాత్రం కదిపేది. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు, పక్కన నిలబడి ఆ కదిలే పెదవుల్ని చూసేదాన్ని. మా ఇంటి ఆడవాళ్లకు పళ్లు నిలవవు, అంతే అనుకున్నాను. అది జబ్బు అని, దానికి పేరుంటుందని, మందుంటుందని మాకు చెప్పినవాళ్లు లేరు. అమ్మా, ఇక్కడ ఈ కుర్చీలో నువ్వు పడుకోవలసింది. నీ నోటికి ఎవరూ జానెడు దూరం రాలేదు.

చిటపటమని చిన్న శబ్దం. మొదలుపెట్టినట్టుంది. చీపురుపుల్ల కొన అంత సన్నటి తీగ, దాని చివర ఎర్రటి చుక్క, అది చిగురుకూ పంటికీ మధ్య సందులోకి దిగుతోంది. ముందే చూపించింది డాక్టరమ్మ. గోడకూ గచ్చుకూ మధ్య సందు పడితే చెత్త చేరుతుంది కదా, మీ చిగుళ్లలో అట్లాంటి సందులు పడినాయి, పైపైన ఊడిస్తే పోదు అంది. రెండుసార్లు లోపలిదాకా గీకి శుభ్రం చేసింది. చాలా సందులు మూసుకున్నాయి, కొన్ని మూసుకోలేదు. ఆ కొన్నింటికే ఈ లేజర్. లోపల కుళ్లిన పొరను తీసేస్తుంది, క్రిముల్ని చంపుతుంది, కత్తి అక్కర్లేదు, రక్తం పెద్దగా రాదు. ఇది మంత్రం కాదమ్మా, పోయిన ఎముక తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే అని కూడా అంది. అట్లా ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆమె మీద నమ్మకం కుదిరింది. కాలిన వాసన వస్తోంది, పొయ్యి ఊదుతుంటే వెంట్రుకల కొసలు కమిలినట్టు. అది నా వాసనే, కానీ పోతున్న వాసన. కాలిపోనీ. నొప్పి లేదు, ఎక్కడో దూరంగా ఎవరో తలుపు తడుతున్నట్టుంది, అంతే.

చీము పట్టిందని మొదట చెప్పింది డాక్టరు కాదు. నల్లమ్మవ్వ. ఇప్పుడు బయట వరండాలో, ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్లుంటాయేమో, తనకే సరిగా తెలియదు. బుక్కరాయసముద్రం చెరువు కింద తోటల్లో ఆకుకూర కొని, నా బస్సెక్కి అనంతపురం పాతూరు మార్కెట్టుకు తెచ్చి అమ్ముతుంది. ఆ రోజు దసరా సెలవులు ముగిసిన సోమవారం. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచీ మా శింగనమల పల్లెవెలుగు బండిలో చేయి ఆడించను జాగా ఉండదు. సంచులు, గంపలు, చంకన పిల్లలు, కాలేజీ అమ్మాయిలు, అందరి మధ్యలో టికెట్ మిషన్ పైకెత్తి పట్టుకుని నేను. ఎవరిదో మోచేయి తగిలి మాస్కు దారం తెగింది. ఒక చేత్తో మిషన్, ఇంకో చేత్తో బ్యాగు, మాస్కు ఒక చెవికి వేలాడుతోంది. ఎదురుగా నల్లమ్మవ్వ, ముఖానికి ముఖం ఆనేంత దగ్గర. "ఆధార్ చూపియ్యవ్వా" అన్నాను. అవ్వ కార్డు తీయలేదు. ముఖం తిప్పుకోనూ లేదు. నా నోటి వైపు చూసింది, తెలిసిన మనిషిని గుర్తుపట్టినట్టు చూసింది.

"కండక్టరమ్మా, నీ నోట్లో చీము పడుతాండాది. చిగుర్లు చూపించుకో. నాకూ ఇదే వాసనొచ్చేది, నేను పట్టించుకోలే. సూడు ఇప్పుడు" అని తన నోరు తెరిచి చూపించింది. లోపల ఒక్క పన్ను లేదు.

అవ్వది పెద్ద గొంతు. మార్కెట్లో అరిచి అరిచి అట్లా అయింది. బండి చివరిదాకా వినబడింది. వెనక ఎవరో అమ్మాయి కిసుక్కుమంది. ఆ ఒక్క నవ్వుతో, నాలుగేళ్లుగా కిటికీ వైపు తిరిగిన ముఖాలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగినట్టయింది. గాలి కోసం కాదు. గాలి కోసం కానే కాదు. నాకు ఒళ్లు మండింది, చెవులు మండాయి. విజిల్ తీసి ఊదాను. డ్రైవర్ శివప్పన్న బండి ఆపాడు.

"గంప అడ్డమొస్తాండాది. దిగు" అన్నాను.

"టౌను ఇంగా రాలేదు కదమ్మా?"

"దిగమంటే దిగవ్వా! లగేజీ బండి కాదిది."

దిగింది. యూనిఫాం వేసుకున్న మనిషితో ఎందుకని మంది జరిగి దారిచ్చారు. గంపను ఎవరో కిందికి అందించారు. అక్కడ స్టాపు లేదు, నీడ లేదు, రోడ్డు పక్క రెండు తుమ్మ కంపలు తప్ప. పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. ఆ ఎండలో తోటకూర గంటకు వాడిపోతుంది, అవ్వకు తెలుసు, నాకూ తెలుసు. తిట్టలేదు. గంప నెత్తిన పెట్టుకుంటూ కిటికీలోంచి నా వైపు చూసి, "నన్ను దించితే దించినావు గానీ పాపా, ఆస్పత్రికి మాత్రం పో. ఆలస్యం చేయాకు" అంది. రైట్ కోసం మళ్లీ విజిల్ ఊదాను. కసిగా పళ్ల మధ్య బిగించి ఊదాను. అప్పుడు కదిలింది, కింది వరసలో ముందు పన్ను. గట్టున రాయి మీద కాలు పెడితే రాయి ఊగినట్టు, అట్లా ఊగింది. బండి కదిలింది. నేను కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. ఆ రోజు మిగతా స్టాపులన్నీ శివప్పన్నే పిలిచాడు, ముందు నుంచి, అద్దంలో నా వైపు చూడకుండా. అప్పుడు తట్టింది. ఆయన ఆ ఒక్క రోజే కాదు, రెండేళ్లుగా పిలుస్తూనే ఉన్నాడు. చెరువు కట్ట, దిగేవాళ్లు రాండి అని స్టీరింగు దగ్గర్నుంచే అరిచేవాడు. నా పని మీద పెత్తనమేమిటని ఒకటి రెండుసార్లు కసిరాను కూడా. నేను నోరు తెరిచే పని తగ్గిస్తున్నాడని అనుకోలేదు. శివప్పన్నా, నీకు నేను ఒక్క టీ కూడా తాగించలేదు.

డిపోలో ఆడవాళ్ల గదిలో అద్దం ముందు పెదవి కిందికి లాగి చూసుకున్నాను. పళ్లు పొడుగయ్యాయి అనిపించింది. పళ్లు కాదు, చిగుళ్లు దిగిపోయాయి, వర్షాలకు మట్టి కొట్టుకుపోయి చెట్టు వేర్లు బయటపడ్డట్టు. ఆ సాయంత్రం యేసన్న షాపు నుంచి వచ్చి బట్టల సబ్బుతో చేతులు తోముకుంటున్నాడు. పక్కన నిలబడి అడిగాను.

"ఏమప్పా, నా నోరు వాసనొస్తాదా?"

తల ఎత్తలేదు. సబ్బు నురగ మోచేతుల దాకా ఉంది. "నాలుగేండ్లయ్యింది" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నగేది ఇడ్సిపెడ్తావని."

నీళ్లు పోసుకున్నాడు. తువ్వాలు తీసుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ, "చెప్పకపోయినా నవ్వేది ఇడ్సిపెడితివి" అన్నాడు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెప్పనందుకు కోపం. చెప్పిన అవ్వమీద అంతకంటే కోపం. చెప్పినా కోపమే, చెప్పకపోయినా కోపమే అయితే ఇక మనుషులేం చేయాలి? మూడో రోజు అన్నం వడ్డిస్తుంటే గుర్తొచ్చింది. ఈ నాలుగేళ్లలో ఆయన ఒక్కరోజు కూడా అటు తిరిగి పడుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నది నేను. ఆయన ముఖం ఎప్పుడూ నా వైపే ఉంది, నా వీపు వైపు. ఆ ముద్ద ఆయన కంచంలో పెట్టి అక్కడే నిలబడిపోయాను. పులుసు పోయవా అన్నాడు.

ఎర్ర చుక్క ఇంకో పంటి దగ్గరికి జరిగినట్టుంది. అర్చన గొట్టం సవరించింది. ఈ అమ్మాయి మొదటిరోజు పలక పట్టుకుని నిలబడినట్టు కాగితం పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ సన్నటి పుల్లతో ఒక్కో పంటి పక్కన కొలుస్తూ పోయింది. ఆరు, ఏడు, ఐదు, ఏడు, తొమ్మిది. స్టేజీల నంబర్లు చెప్పినట్టే ఉంది, ఏ స్టేజీకి ఎంత దూరమో. సందు లోతు మూడు మిల్లీమీటర్లు దాటకూడదమ్మా అంది. తొమ్మిది అన్నప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గింది. షుగర్ ఉందా అని అడిగింది, లేదన్నాను, పరీక్ష చేయిస్తే ఉంది, మూడు నెలల సగటు లెక్క తీస్తే చాలా ఎక్కువగా ఉంది. చిగుళ్ల జబ్బు షుగర్ని పెంచుతుంది, షుగర్ చిగుళ్లను తింటుంది, రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని తిరుగుతాయి అంది. ఆ మాట విని నేను భయపడాలి. కానీ భయపడలేదు, ఏదో చిక్కుముడి కొస దొరికినట్టనిపించింది. దాహం, నీరసం, ఎండలో కళ్లు తిరగడం, అన్నీ ఈ ఉద్యోగం వల్లే అనుకున్నాను. ఒక అవ్వ నా నోరు వాసన చూసి చెప్పిన మాట వల్ల నా రక్తంలో ఏముందో తెలిసింది.

అవ్వ దొరకడమే కష్టమైంది. ఇక్కడికి రాకముందు ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను, పేరు ఎందుకులే. రెండు నిమిషాలు చూశాడు, అన్నీ పీకి పళ్ల సెట్టు పెడదాం, రేపు రండి అన్నాడు. నలభై నాలుగేళ్లు నాకు. మెట్లు దిగి రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. మాస్కు ఉంది కదా, ఎవరికీ కనబడలేదు. అమ్మ కదిలే పెదవులే గుర్తొచ్చాయి. ఆ తరవాత ప్రతి పొద్దునా బుక్కరాయసముద్రంలో బండి ఆగితే అవ్వ కోసం వెతుక్కున్నాను. ఒక రోజు లేదు, నాలుగు రోజులు లేదు, పన్నెండు రోజులు లేదు. ఆ ఎండలో పడిపోయిందేమో. నా వల్లనే ఏదైనా అయ్యుంటే? ఆకుకూర తెచ్చే ఇంకో ఆమెను అడగడానికి కూడా నోరు రాలేదు, చివరికి అడిగాను. "బాగానే ఉండాదమ్మా, ముందు బండికి పోతాంది" అంది. వారపు సెలవు రోజున పాతూరు మార్కెట్టుకు పోయాను. గోనెపట్టా మీద కూర్చుని చుక్కకూర మీద నీళ్లు చిలకరిస్తోంది.

"అవ్వా, నా బండి ఎందుకెక్కవు?"

"నన్ను చూస్తే నీకు సిగ్గవుతాదని. మందిలో అట్ల అనకూడదు నేను. నా నోరే మంచిది కాదు పాపా."

క్షమించమని అడగాలని పోయాను. ముందే అవ్వ అడిగేసింది. నా నోరే మంచిది కాదు అని అవ్వ అంటే, నా నోట్లో ఉన్న మాట అక్కడే ఇరుక్కుపోయింది.

"చూపించుకొంటివా?"

"అన్నీ పీకల్ల అన్నారు."

"ఎవుడు వాడు?" అని లేచింది. పక్క గంప ఆమెకు కూర చూసుకోమని చెప్పి, తడిచేతులు చీరకు తుడుచుకుని, "పా" అంది. అట్లా తెచ్చింది ఇక్కడికి. దారిలో చెప్పింది, మూడేళ్ల కింద కట్టుడు పళ్ల కోసం ఈ డాక్టరమ్మ దగ్గరికే వచ్చిందట, ఆ సెట్టు గుచ్చుకుంటుందని ఇంట్లోనే పెట్టి తిరుగుతుంది. "అయిదేండ్లు ముందొచ్చింటే శానా పండ్లు నిలబెట్టేదాన్ని అవ్వా అన్నది ఆ పిల్ల. ఆ మాట నాకు ముల్లు మాదిరి లోపలుండిపోయింది. ఎవురికన్నా ముందే చెప్పల్ల అనుకుంటి. నీకు చెప్తి." అందుకే, మందిలో, పెద్ద గొంతుతో. అవ్వకు చిన్న గొంతు లేదు, అంతే.

ఇక్కడికి రావడం మొదలుపెట్టి ఇది అయిదో నెల. ఇప్పుడు నా బండే ఎక్కుతుంది. గంప నేనే లోపలికి అందుకుంటాను, నా సీటు అవ్వకే. ఆ రోజు దించిన చోటు మీదుగా రోజూ పోతాం. తుమ్మ కంపలు అక్కడే ఉంటాయి. అవ్వ ఆ మాట ఎత్తదు. నేనూ ఎత్తలేదు. ప్రతిసారీ ఆ చోటు వచ్చేసరికి మాట గొంతు దాకా వస్తుంది, ఎవరో టికెట్ అంటారు, మాట దిగిపోతుంది. ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకు చెప్పడం సులువు. గంప అందుకుంటే తీరిపోతుందా? సీటు ఇస్తే తీరుతుందా? ఎనిమిదిన్నర ఎండలో, నెత్తిన బరువుతో, టౌను దాకా రెండు మైళ్లు ఆ కాళ్లు నడిచాయి. నాకు మేలు చెప్పినందుకు నడిచాయి. నేను ఆ మాట ఒక్కసారి, నా నోటితో, బయటికి

"నొప్పా అమ్మా?"

చిటపట ఆగింది. చూస్తే నా ఎడమ చేయి గాలిలో ఉంది. ఎప్పుడు ఎత్తానో తెలియదు. కాదని తల ఊపాను. అద్దాల కిందినుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. డాక్టరమ్మ తన అద్దాలు నెత్తి మీదికి జరుపుకుని నా వైపు చూసింది. అర్చన చిన్న దూదితో నా చెవి దగ్గర తడి తుడిచింది. "కాసేపు ఆగుదాం, తొందరేం లేదు" అంది డాక్టరమ్మ. తొందరేం లేదు. నిమిషం ఆలస్యమైతే డిపోలో రాసుకునే బతుకు నాది. నా నోటి కోసం ముగ్గురు మనుషులం ఊరికే ఆగి ఉన్నాం. బయట రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది, తాడిపత్రి బండిలా ఉంది. ఎవరో ఎక్కుతుంటారు, ఎవరో రైట్ అంటుంటారు. నేను లేకపోయినా నడుస్తుంది. నేను చేయి దించాను. ఆమె అద్దాలు పెట్టుకుంది.

ఇక మిగిలింది కింది వరస. ఆ కదిలే పన్ను. పోయినసారే దాన్ని సన్నటి తీగతో పక్క పళ్లకు కట్టింది. ఇంటికి పోయి నోరు తెరిచి చూపిస్తే యేసన్న, "నాకు చెప్పింటే నేనే అతికేవాణ్ణి కదా" అన్నాడు. ఎన్నాళ్లకో అట్లా హాస్యమాడాడు. నేను నవ్వాను, నోటికి చేయి అడ్డం పెట్టుకోబోయాను, ఆయన నా మణికట్టు పట్టుకుని ఆ చేయి దించాడు. ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకోవడం మానేశాను. ఈ పంటి సంగతి మాత్రం మాట ఇవ్వలేనమ్మా, మూడు నెలల తరవాత మళ్లీ కొలుద్దాం, అప్పుడు తెలుస్తుంది అంది డాక్టరమ్మ. సరే. నిలిస్తే నిలుస్తుంది, పోతే ఒకటి పోతుంది. ముప్పైకి పైగా ఉన్నాయి ఇంకా, ఒక్కొక్కదాన్నీ రోజూ నాలుకతో తడిమి చూసుకుంటున్నాను, బండి కదిలేముందు మందిని లెక్కపెట్టుకున్నట్టు. ఇన్నేళ్లు అవి నమిలి పెట్టాయి, వాటిని ఎప్పుడైనా తలుచుకున్నానా? రాత్రి పూట తప్పకుండా తోముతున్నాను, పళ్ల సందుల్లోకి దూరే చిన్న బ్రష్షు ఉంది, షుగర్ మాత్ర ఉంది, అన్నానికి బదులు సంగటి, కూర ఎక్కువ. ఆ కూర అవ్వ గంపలోదే.

"అయిపోయిందమ్మా."

కుర్చీ మెల్లగా పైకి లేచింది. అద్దాలు తీశారు. గదిలో వెలుతురు ఎంత తెల్లగా ఉందో. ఈ రోజు వేడివి, గట్టివి తినొద్దు, గట్టిగా పుక్కిలించొద్దు, రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు, ఈ వైపు రేపటిదాకా బ్రష్షు తగలనివ్వొద్దు, పెదవి మొద్దు రెండు మూడు గంటల్లో పోతుంది అని డాక్టరమ్మ చెప్పుకుంటూ పోయింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను, గ్లౌజులతో సహా. ఏదో అన్నాను. మొద్దు పెదవితో నాకే అర్థం కాలేదు. "మీరు ముందు ఆ మాస్కు మానేయండి, గాలి ఆడనివ్వండి" అని నవ్వింది. జేబులో ఉన్న మాస్కు తీసి అర్చన చేతికి ఇచ్చాను, చెత్తబుట్టలో వేసింది.

వరండాలోకి వచ్చాను. బెంచీ మీద అవ్వ కాళ్లు ముడుచుకుని, గంప మీద చేయి వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "అయిపాయనా? నొప్పి పెట్టెనా?" అంది. తల అడ్డంగా ఊపాను. ఆమె కాళ్ల వైపు చూశాను, రబ్బరు చెప్పులు, మడమల దాకా పగుళ్లు. ఇప్పుడు కాకపోతే రేపు బండిలో ఎవరో టికెట్ అంటారు.

"అవ్వా, ఆ పొద్దు నిన్ను ఎండలో దించేస్తి. తప్పయింది. క్షమించు" అన్నాను. అన్నాననుకున్నాను. బయటికి వచ్చింది మాత్రం ఏదో పొల్లు, కారే ఉమ్మి, సగం పెదవి ఒకవైపు జారిపోయి.

"ఏమంటాండావే? నాకర్థం కాలే."

మళ్లీ అన్నాను. ఇంకా చెడిపోయింది. బెంచీ మీద కూర్చున్న వాళ్లు చూస్తున్నారు. చూడనీ. వెనక్కి జరిగి చేయి అడ్డం పెట్టుకోవాలని అనిపించలేదు.

అవ్వ గంప కింద పెట్టింది. నా భుజం పట్టుకుని, వేళ్ల మీద పైకి లేచి, నెరిసిన వెంట్రుకలు వెనక్కి తోసుకుని, తన చెవిని తెచ్చి నా నోటికి ఆనించింది.

"ఇప్పుడు చెప్పు పాపా. మెల్లగా చెప్పు."

చెప్పాను.